బాపు కడుపులో దొరికిన తిల్లి ముక్కలు

ముందు మంచి మాట చెప్పేస్తాను, దాచుకోవడం నా వల్ల కాదు. మా బాపుకు క్యాన్సర్ తిరిగి రాలేదు! కడుపులో అక్కడక్కడా కనిపించిన గడ్డలు క్యాన్సర్ గడ్డలు కావు, తిల్లి ముక్కలు. తిల్లి అంటే ప్లీహం. మటన్ కొట్టులో కార్జంతో పాటు ఇంత వెయ్యమని అడుగుతాం చూడండి, అదే. మనిషికీ ఎడమ డొక్కలో ఒకటి ఉంటుంది. ఎప్పుడో చిట్లిపోయిన ఆ తిల్లి ముక్కలు బాపు కడుపులో తలా ఒక చోట అతుక్కుని, అక్కడే నెత్తురు అందుకుని, ఒకటి రేగుపండంత, ఒకటి నిమ్మకాయంత పెరిగి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా బతికాయి.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఈ సంగతి నేను చెప్పని గడప లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే. కొత్తగా ఏది తెలిసినా పదిమందికీ విడమరిచి చెప్పేదాకా నాకు తిన్నది అరగదు. కూరగాయల బండి అతనికి కూడా ప్లీహం గురించి చెప్పాను. పాపం, వంకాయలు తూకం వేసి పట్టుకుని, చివరిదాకా విన్నాడు.

కానీ ఇంత మంచి వార్త వచ్చిన ఇల్లు ఎలా ఉండాలో మా ఇల్లు అలా లేదు. ఆ నెలల్లో మా మధ్య ఏమేం కదిలిపోయాయో అది కూడా రాస్తున్నాను. బొగ్గు ఊళ్ళలో ఇంకో ఇంటికి ఇలాంటి రిపోర్టే వస్తే, వాళ్ళు మాకంటే కాస్త నిదానిస్తారేమోనని.

ఎండలు ముదిరినప్పుడు

మూడేళ్ళ కింద బాపు కుడి మూత్రపిండంలో క్యాన్సర్ అని తేలి, దాన్ని తీసేశారు. ఆ తర్వాత బొగ్గు గని కంపెనీ వాళ్ళు బాయి దిగే పని మాన్పించి, పైన తేలిక పని ఇచ్చారు. ఆరు నెలలకోసారి కరీంనగర్ వెళ్ళి స్కాన్ తీయించుకుని వచ్చేవాళ్ళం. ప్రతిసారీ "ఏం లేదు, పొండి" అనేవారు. ఇద్దరం బస్టాండ్‌లో ఇడ్లీ తిని ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ ఇడ్లీ కోసమే స్కాన్‌కు వెళ్తున్నట్టు ఉండేది.

ఎప్పుడూ తీసే అల్ట్రాసౌండ్ బదులు ఈసారి సీటీ స్కాన్ తీశారు. రిపోర్టు కవరు దవాఖాన వసారాలోనే విప్పాను. మొదటి రెండు వాక్యాలు దాటాక నా కళ్ళు ఆగిపోయాయి. కడుపు పొరల మీద చాలా చోట్ల గడ్డలు. పాత క్యాన్సరే వ్యాపించి ఉండవచ్చు. పక్కనే కూర్చున్న బాపు కాగితం వంక కాదు, నా మొఖం వంక చూస్తున్నాడు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

"డాక్టర్ సారే చెప్తడట బాపు."

"గంత సదువు సదివితివి, గా రెండు కాయిదాలు సదువరాదా?" అని నవ్వాడు.

నవ్వుతూనే నా చేతిలోంచి కవరు తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే ఆయనకు తెలిసిపోయిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

డాక్టర్ మంచివాడే, మెల్లగానే చెప్పాడు. ఇక కోతతో అయ్యే పని కాదన్నాడు. మాత్రలు మొదలుపెడదాం, వాటితో నయం కాదు కానీ కొంత కాలం పొడిగించవచ్చు అన్నాడు. ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూస్తూ, "మీకు ప్లీహం లేదు కదా, ఎందుకు తీశారు?" అని అడిగాడు.

"మలేరియాకు తిల్లి ఉబ్బింది సార్. కోసి తీసేసిండ్రు. మస్తు ఏండ్లాయె."

నేను పుట్టినప్పటి నుంచీ విన్న మాటే అది. బాపు పొట్ట మీది నిలువు గాటు చూపించి ఎవరడిగినా మలేరియా అనే చెప్పేవాళ్ళం. మా అడవి పక్క ఊళ్ళలో మలేరియా రాని మనిషి ఉండడు కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేసేవాళ్ళు కాదు. డాక్టర్ కూడా వెయ్యలేదు, రాసుకున్నాడు.

లేచేముందు బాపు ఒక్కటే అడిగాడు. "డ్యూటీ జెయ్యొచ్చా సార్?"

ఆ రోజు బస్టాండ్‌లో మేం ఇడ్లీ తినలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, చిన్నప్పటిలాగా నా తలను తన భుజానికి ఆనించుకున్నాడు. నేను ఏడిస్తే అంగీ తడుస్తుందని పెద్దపల్లి దాటేదాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

వానలు మొదలయ్యాక

మాత్రలు మొదలుపెట్టేముందు క్యాన్సర్ ఎంత దూరం పాకిందో చూడాలి, హైదరాబాద్‌లో పెద్ద స్కాన్ తీయించండి అన్నారు. దానికి తేదీ దొరకడానికి వారాలు పట్టింది. ఈలోగా బెల్లంపల్లి నుంచి మా మేనమామ ఓదెలు వచ్చాడు.

తెలియనివాళ్ళకు మా దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. గని కార్మికుడు జబ్బు వల్ల ఇక పనికిరాడని కంపెనీ డాక్టర్ల బోర్డు తేల్చితే, ఆయన దిగిపోయి ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. దీన్ని అందరూ 'అన్‌ఫిట్' అంటారు. రిటైర్మెంట్ మరీ దగ్గర పడితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే మా కాలనీల్లో ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలిసిన మర్నాడే, రోగం గురించి ఒకసారి అడిగితే నౌకరి గురించి నాలుగుసార్లు అడుగుతారు. చెడ్డవాళ్ళై కాదు. ఇక్కడ బతుకు అలా అల్లుకుంది.

"బావా, మంచిగైతె మంచిదే," అన్నాడు మామ, చాయ్ గ్లాసు కింద పెట్టి. "కాకుంటె? సర్వీసు ఉన్నప్పుడే అన్‌ఫిట్‌కు పెట్టుకోవాలె. పోరడు ఎన్నొద్దులు ఆ కాంట్రాక్టు లారీ తోల్తడు?"

"మనిషి ఎదురుంగ కూసున్నడు ఓదెలూ, జర సిగ్గువడు," అంది అమ్మ.

"నేనేమన్న పరాయోన్నా అక్కా? కడుపుల మాట చెప్తున్న."

"వాడు చెప్పింది నిజమేనే," అన్నాడు బాపు. "నేనెట్లనో పోతున్న. నౌకరిని గూడ నా ఎంబడి తీస్కపోవాల్నా?"

మా అన్న సంపత్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. "గిప్పుడెందుకు బాపు గదంత," అన్నాడు ఒక్కసారి. రెండోసారి అనలేదు.

అన్నకు రామకృష్ణాపూర్ అమ్మాయి స్వప్నతో పెళ్ళి మాట రెండేళ్ళుగా నానుతోంది. లారీ డ్రైవరుకు పిల్లనివ్వనని వాళ్ళ నాన్న అంటే, వాళ్ళిద్దరూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టిన వారానికే ఆయన పండ్లు పట్టుకుని బాపును చూడవచ్చాడు. ఆరోగ్యం అడిగి, బోర్డు ఎప్పుడని అడిగి, "పోరడు నౌకరెక్కంగనే లగ్గం వెట్టుకుందాం బావా" అని బాపు చేతులు పట్టుకున్నాడు. ఆయన వెళ్ళాక బాపు ఎంత సంతోషపడ్డాడంటే, గడ్డం గీసుకుని కొత్త అంగీ వేసుకుని చౌరస్తా దాకా నడిచి వచ్చాడు.

నా డిగ్రీ ఫలితాలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. ఫస్ట్ క్లాసు. అమ్మ నా నోట్లో చక్కెర పోసింది, అంతే. ఎవరికీ పండుగ చేసుకునే మనసు లేదు.

అన్న ఆ నెలల్లో బాపును చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేరు. లారీ దిగి రాగానే కాళ్ళు ఒత్తేవాడు, నీళ్ళు తోడేవాడు, ఒక ముద్ద ఎక్కువ తినమని బతిమాలేవాడు. బాపు కూడా అన్నను కూర్చోబెట్టుకుని, పని చేయించే ఏ ఓవర్‌మెన్‌తో ఎలా మెలగాలో, టోపీకి పెట్టుకునే క్యాప్ ల్యాంప్ ఎలా సరిచూసుకోవాలో చెప్పేవాడు. వాళ్ళిద్దరినీ అలా చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఒకరు వెళ్ళిపోవడానికీ ఒకరు రావడానికీ ఒకే మాటలు వాడుతున్నారు.

హైదరాబాద్‌లో

బాపు, అమ్మ, నేను వెళ్ళాం. బోర్డు పిలుపు వస్తే ఇంట్లో మనిషి ఉండాలని అన్న ఆగిపోయాడు.

స్కాన్ గది దవాఖాన అడుగున, నేల కింద ఉంది. మెట్లు దిగుతూ బాపు, "పట్నంల గూడ నన్ను బాయిలకే దింపుతుండ్రు," అన్నాడు. అక్కడ చలి ఎముకల్లోకి దిగుతోంది. మా పక్క కుర్చీలో నిర్మల్ నుంచి వచ్చిన ఒకాయన భార్యతో కూర్చున్నాడు. అమ్మ వణకడం చూసి తన సంచిలోంచి దుప్పటి తీసి ఇచ్చాడు. "కప్పుకో అక్కా. మేం మస్తుసార్లు వచ్చినం, మాకు అలవాటైంది," అన్నాడు. ఏ కిటికీ దగ్గర ఏం అడగాలో, ఎవరు విసుక్కోకుండా చెప్తారో ఆయనే చెప్పాడు. ఆయన భార్య మా వైపు చూసి నవ్వింది.

స్కాన్ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. వయసులో నాకంటే ఎంతో పెద్దది కాదు. తెర మీద బొమ్మలు ముందుకూ వెనక్కూ జరుపుతూ, "ఈ గడ్డలు క్యాన్సర్ అయితే వెలగాల్సినంతగా వెలగడం లేదు. అలాగని క్యాన్సర్ కాదని ఈ ఒక్క స్కాన్‌తో చెప్పలేను," అంది. తర్వాత బాపు వైపు తిరిగి, "తిల్లి ఎలా పోయింది? దెబ్బ తగిలి పగిలిందా?" అని అడిగింది.

"లే మేడం. మలేరియా."

"బాగా గుర్తు తెచ్చుకోండి. ఎక్కడినుంచైనా పడ్డారా? ఏదైనా గుద్దిందా?"

"లే మేడం."

అమ్మ కుర్చీలోంచి లేచింది. "అబద్ధం మేడం. మలేరియా లేదు, ఏం లేదు. బాయిల టబ్బు గుద్దింది ఈయనను."

"ఊకో నువ్వు," అన్నాడు బాపు.

"ఈ రజిత పుట్టకముందు సంది ఊకుంటనే ఉన్న. ఇగ ఊకోను. నువ్వు సచ్చినంక ఎవ్వలకు చెప్పుకోవాలె?"

నేను నోరు తెరుచుకుని వాళ్ళిద్దరినీ చూస్తున్నాను. అమ్మ చెప్పింది. షిఫ్టు అయిపోయాక బాయిలోని ఏటవాలు దారి నడిచి ఎక్కలేక, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు మీద కూర్చుని పైకి వచ్చేవాళ్ళట. అలా ఎక్కకూడదు, తెలిస్తే చర్య తీసుకుంటారు. టబ్బులను లాగే ఇంజన్ తిప్పే మొగిలి కాక, బాపుకు ప్రాణ స్నేహితుడు. ఆ రోజు బాపు కోసం ఆయనే ఇంజన్ కదిలించాడు. టబ్బు పట్టాలు తప్పి, బాపు టబ్బుకూ పక్కగోడకూ నడుమ నలిగాడు. మొగిలి కాకే వీపు మీద మోసుకొచ్చి, జ్వరమని అందరికీ చెప్పి, కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించాడు. నిజం తెలిస్తే మొగిలి కాక ఉద్యోగం పోతుంది. అందుకని మలేరియా అయింది.

"మొగిలి కాక పోయి ఐదారేండ్లాయె గద బాపు, ఇంకేం భయం?" అన్నాను.

బాపు గొంతు తగ్గించి, ఆ గదిలో కంపెనీ వాళ్ళెవరో వింటున్నట్టు చెప్పాడు. "వాడు పోయిండు. వాని కొడుకు గదే నౌకరి జేస్తుండు గద. తండ్రి తప్పు బయటవడితె పోరని నౌకరి ఊడుతది. మన సంపత్ ఫైలు గూడ ఆగుతది."

అలా ఏమీ జరగదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడిగితేనే బయటపడుతుందని ఎవరినీ అడగలేదు. ఉద్యోగం తండ్రి నుంచి వచ్చినప్పుడు తండ్రి తప్పు కూడా దాంతో పాటే వస్తుందని మా బాపు నమ్మాడు. ఆ నమ్మకంతో తన కడుపులో ఉన్నదేమిటో తెలియకుండానే పోవడానికి సిద్ధపడ్డాడు.

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇది మీ కంపెనీకి నేనెందుకు చెప్తాను? తిల్లి దెబ్బకు పగిలితే ముక్కలు కడుపులో చెదిరి, కొన్నిసార్లు వేరు పట్టుకుంటాయి. చూడటానికి అచ్చం క్యాన్సర్ పాకినట్టే ఉంటాయి. రేపు ఇంకో పరీక్ష చేద్దాం," అంది.

ఆ పరీక్ష గురించి చెప్పకపోతే నా డిగ్రీ ఎందుకు! మన ఒంట్లో ముసలివైపోయిన, దెబ్బతిన్న నెత్తురు కణాలను వడగట్టి పట్టుకోవడం తిల్లి పని. అందుకని బాపు నెత్తురు కొంచెం తీసి, దాంట్లో కిరణాలు వెదజల్లే మందు ఇంత కలిపి, గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్ళలో ఉంచి కణాలను కావాలనే దెబ్బతీశారు. దాన్నే మళ్ళీ నరానికి ఎక్కించారు. ఇక ఆ కణాలు ఎక్కడ పట్టుబడతాయో కెమెరా చూస్తుంది. గడ్డలు తిల్లివే అయితే వాటిని పట్టుకుంటాయి. క్యాన్సర్ గడ్డకు ఆ పని చేతకాదు.

"నా నెత్తురు నాకే ఉడకవెట్టి ఎక్కిస్తుండ్రా తమ్మీ? జర ఉప్పు గూడ ఎయ్యకపోయిండ్రా?" అన్నాడు బాపు సూది గుచ్చే అతనితో.

"బీపీ పెరుగుతది పెద్దనాయినా," అన్నాడు అతను. అతనిది మంథని పక్క ఊరట.

మధ్యాహ్నం తెర మీద తెల్లటి బొమ్మలో నల్లటి చుక్కలు కనిపించాయి. బొగ్గు పలుకులు చల్లినట్టు ఉన్నాయి. కరీంనగర్ స్కాన్‌లో గడ్డ ఉన్న ప్రతి చోటా ఒక చుక్క. డాక్టరమ్మ ఒక్కొక్కదాన్ని వేలితో చూపిస్తూ, "ఇది తిల్లి. ఇది కూడా. ఇదీ తిల్లే," అంటుంటే నేను అమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, గాజు పగిలింది.

"అంటే అవి ఇంక డ్యూటీల ఉన్నయా మేడం?" అన్నాడు బాపు.

"ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోవద్దు. మాత్రలూ వద్దు. మామూలుగా ఎప్పటిలాగే చూపించుకోండి, చాలు."

మెట్లెక్కి బయటికి వస్తుంటే నిర్మల్ ఆయన ఎదురయ్యాడు. భార్య లోపల ఉంది. "ఏమన్నరు?" అని ఆయనే ముందు అడిగాడు. నేను చెప్పేశాను, చెప్పకుండా ఉండలేకపోయాను. "మంచిగయ్యింది, మంచిగయ్యింది," అని రెండుసార్లు అన్నాడు. మీకేమన్నారని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపి, అమ్మ ఇవ్వబోయిన దుప్పటి తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ దుప్పటి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు.

అక్కడినుంచే అందరికీ ఫోన్లు చేశాను. అన్నకు మొదట. అవతల లారీ ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది.

"డాక్టర్ గట్టిగనే చెప్పిందా?" అన్నాడు.

"గట్టిగనే అన్నా! ఒక్కటంటే ఒక్కటి గూడ క్యాన్సర్ కాదు!"

"ఇంకోపారి అడుగరాదు."

సంతోషంతో నమ్మలేకపోతున్నాడు అనుకున్నాను. తర్వాత మామకు, లైనులో వాళ్ళకు, స్వప్నకు, స్వప్న వాళ్ళ నాన్నకు, వరసపెట్టి చేశాను.

బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చిన రోజుల్లో

మేం వచ్చేసరికి మామ ఇంట్లో ఉన్నాడు. బాపును గట్టిగా పట్టుకుని ఏడ్చాడు, ఆ ఏడుపు నిజమైనదే. తర్వాత కళ్ళు తుడుచుకుని నన్నడిగాడు.

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"అందరికి చెప్పిన మామా."

"డిగ్రీ సదివినవా, మైకు మింగినవా?" అన్నాడు. బాపు వైపు తిరిగి, "బావా, కరీంనగర్ రిపోర్టు మన చేతులనే ఉన్నది. బోర్డుకు గదే చూపెడదాం. హైదరాబాద్ పోనేలేదనుకో. పోరని బతుకు," అన్నాడు.

అన్న నేల చూపులు చూస్తున్నాడు. బాపు అందరికంటే ఎక్కువసేపు అన్ననే చూశాడు. తర్వాత లేచి, అంగీ వేసుకుని, బండి తాళం అడిగాడు. అన్న తాళం ఆయన చేతిలో పెట్టాడు కానీ తలెత్తలేదు. బాపు వెనక నేను కూర్చున్నాను. ఆఫీసుకు వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాం.

తిరిగి వస్తుంటే ఓవర్‌బ్రిడ్జి దిగాక బండి పక్కకు ఆపాడు. బొగ్గు లారీలు మా మీద దుమ్ము పోస్తూ పోతున్నాయి.

"నేను బతికినందుకు వాన్ని మాపీ అడగాల్నా బిడ్డా?" అన్నాడు.

అందరికీ అన్నీ విడమరిచి చెప్పే నేను ఆయన అంగీ మీది దుమ్ము దులిపాను.

స్వప్న వాళ్ళ నాన్న ఫోన్ చేసి చాలా సంతోషమన్నాడు, లగ్గం సంగతి పండుగ దాటాక చూద్దామన్నాడు. మళ్ళీ చెయ్యలేదు. స్వప్న నాకు మెసేజ్ పెట్టింది: "మీ బాపు మంచిగున్నడంటే నాకు సంతోషమే రజితా. మా నాయిననే ఇనుట లేడు." అన్న లారీ పని శ్రీరాంపూర్ వైపు మార్చుకుని, అక్కడే స్నేహితుడి గదిలో ఉండిపోయాడు. బాపు రోజూ కంచం ముందు కూర్చుని, "సంపత్ ఫోన్ చేసిండా?" అని అడిగేవాడు. అమ్మ చేశాడని అబద్ధం చెప్పేది.

ఒంట్లో రోగం లేదని తెలిశాక బాపు చిక్కిపోవడం మొదలైంది.

దసరా

పండుగ సాయంత్రం అన్న వచ్చాడు. మా దగ్గర ఆ రోజు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, గుండెకు హత్తుకుని అలాయ్‌బలాయ్ తీసుకుంటాం. అన్న అమ్మకు పెట్టాడు. తర్వాత బాపు చేతిలో పెట్టి వంగాడు. వంగినవాడు లేవలేదు.

"బాపూ, ఆ దినం చెల్లె ఫోన్ చేస్తె నాకు సంతోషం కాలే," అన్నాడు నేలను చూస్తూనే. "ముందుగాల నౌకరే యాదికొచ్చింది. గడ్డలు గవే అయితె మంచిగుండు అనుకున్న. ఒక్క గడియ అనుకున్న. గప్పటి సంది నీ మొఖం చూడబుద్ధైతలేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు అన్న తల మీద చెయ్యి వేశాడు.

"తెల్సు బిడ్డా."

"నీకెట్ల తెల్సు?"

"నా నౌకరి యాడికెళ్లి వచ్చింది మరి? మా అయ్యకు దమ్ము లేసి మంచంల వడ్డడు. నన్ను ఆయన జాగల ఎక్కియ్యాలని కాయిదాలు పెట్టిండ్రు. ఓ దినం పొద్దుగాల లేసి కూసోని, గిన్నెడు గట్క తాగి, ఇంకింత పొయ్యిమన్నడు. మా అవ్వ దేవునికి మొక్కింది. నేను ఇంటెనకకు పోయి ఏడ్సిన. సంతోషానికి గాదు."

అమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. ఆమె బాపును కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నెల తిరిగేసరికి అయ్య పోయిండు," అన్నాడు బాపు. "ఆయనకు చెప్పలే. చెప్పాలనుకునేసరికి మనిషి లేడు. నువ్వు నాకు చెప్పినవు, లెవ్వు."

అన్న లేచాడు. ఇద్దరూ అలాయ్‌బలాయ్ తీసుకున్నారు. జమ్మి ఆకులు వాళ్ళిద్దరి మధ్య నలిగి కింద రాలాయి.

ఆ పూట నలుగురం కలిసి తిన్నాం. లగ్గం మాట ఎవరూ ఎత్తలేదు, ఇప్పటికీ తేలలేదు. మర్నాడు బాపును మొదటి షిఫ్టుకు బండి మీద దింపి వచ్చింది అన్నే.